ఆగడం మరచిన కణం

మడకశిరలో నలుగురు కూచున్న చోట షుగరు మాట రాకుండా పొద్దు గడవదు. ఎవరికి ఎంత ఉంది, ఎవరు మాత్ర మార్చారు, ఎవరు అన్నం మాని రాగిసంకటికి మళ్లారు, అన్నీ జనం నోట ఉన్న లెక్కలే. రక్తంలో చక్కెర పెరగడం అంత ఇంటిజబ్బు అయిపోయింది. దీనికి సరిగ్గా ఎదురుగా నిలిచే జబ్బు ఇంకొకటుంది. అందులో చక్కెర పడిపోతుంది, అదీ ఇన్సులిన్ ఎక్కువై. క్లోమంలో వేరుశనగ గింజంత గడ్డ పుట్టి, మనిషి తిన్నా తినకున్నా, పగలూ రాత్రీ ఇన్సులిన్ వదులుతూనే ఉంటుంది. దాని పేరు ఇన్సులినోమా. పది లక్షల జనాభాలో ఏడాదికి ఒకరి నుంచి నలుగురి దాకా మాత్రమే దీని బారిన పడతారు. మడకశిర, అమరాపురం, గుడిబండ, రొళ్ల, అగళి మండలాలు అయిదూ కలిపి చూసినా ఏళ్ల తరబడి ఒక్క కేసూ బయటపడకపోవచ్చు.

అయినా దీని గురించి తెలుసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. ఈ గడ్డను చదివితే మన ఒంట్లో నిమిషనిమిషానికీ జరిగే ఒక పని ఎంత నేర్పుగా జరుగుతోందో తెలుస్తుంది. ఆ గడ్డను వెతికి పట్టి, పక్కనున్న దేనికీ దెబ్బ తగలకుండా తీసే వైద్యుల నేర్పు కూడా తెలుస్తుంది. ఈ రెండు నేర్పులూ ఒకే చోట కలుస్తాయి. ఎక్కడ ఆగాలో, ఎప్పుడు ఆగాలో తెలియడమే ఆ చోటు.

ఎదిగిన మనిషి ఒంట్లో తిరిగే నెత్తురంతా కలిపినా అందులో కరిగి ఉండే గ్లూకోజు దాదాపు 5 గ్రాములు. టీలో వేసుకునే చెంచాడు చక్కెర అంత. మెదడు ఒక్కటే రోజుకు 120 గ్రాముల దాకా వాడుకుంటుంది. అంటే నెత్తురులో ఉన్న నిల్వ మొత్తం మెదడుకు ఒక్క గంట తిండి. లివరు దాచుకున్న చక్కెరను ఎప్పటికప్పుడు వదులుతూ ఉండబట్టి మనం రాత్రంతా ఏమీ తినకుండా నిద్రపోయి పొద్దున మామూలుగా లేస్తాం. ఇన్సులిన్ చేసే పని దీనికి అడ్డంగా ఉంటుంది. అది చక్కెరను కండరాల్లోకి, కొవ్వులోకి పంపుతుంది, లివరు వదలడాన్ని ఆపుతుంది. ఇంత చిన్న నిల్వ మీద ఇంత బలమైన మందును ప్రయోగించాలంటే కొలత ఎంత ఖచ్చితంగా ఉండాలో ఊహించండి.

ఆ కొలత చూసే కణాలు కడుపు వెనక అడ్డంగా పడుకొని ఉండే క్లోమంలో ఉన్నాయి. 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్యవిద్యార్థి తన సిద్ధాంత వ్యాసం కోసం క్లోమాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. జీర్ణరసాలు చేసే కణాల మధ్య అక్కడక్కడ వేరే రకం కణాలు చిన్నచిన్న గుంపులుగా కనిపించాయి. అవి ఏం చేస్తాయో తనకు తెలియదని రాసి ఊరుకున్నాడు. ఆయన పేరుతోనే వాటిని లాంగర్‌హాన్స్ పుటికలు అంటున్నాం. క్లోమంలో ఇవి దాదాపు పది లక్షలు. అన్నీ కలిపినా క్లోమం బరువులో ఒకటి, రెండు శాతమే. వీటిలో ఎక్కువ భాగం బీటా కణాలు. ఇన్సులిన్ చేసేవి అవే.

బీటా కణం చక్కెరను కొలిచే తీరు చూడండి. గ్లూకోజు కణంలోకి వచ్చాక దాన్ని మొదట పట్టుకునేది గ్లూకోకైనేజ్ అనే ఎంజైము. మిగతా కణాల్లో చాలావాటిలో ఈ పని చేసే ఎంజైములు చక్కెర కొంచెం ఉన్నా పూర్తి వేగంతో పరుగెడతాయి. గ్లూకోకైనేజ్ పట్టు వదులు. చక్కెర తక్కువైతే నెమ్మదిస్తుంది, పెరిగితే వేగం పుంజుకుంటుంది. ఆ వదులుతనం వల్లే దాని వేగం నెత్తురులోని చక్కెరకు కొలమానం అవుతుంది. ఆ వేగాన్ని బట్టి కణంలో ఏటీపీ పెరుగుతుంది, తగ్గుతుంది. ఏటీపీ గురించి చెప్పేటప్పుడు తెలుగువాడు ఒక్క క్షణం నిలబడాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో ఈ పదార్థాన్ని గుర్తించాడు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ వేరుగా గుర్తించాడు. జీవకణాల్లో శక్తి చేతులు మారేది దీని ద్వారానే.

బీటా కణం ఏటీపీని శక్తికే కాక కబురుకు కూడా వాడుకుంటుంది. కణం పొరలో పొటాషియం బయటికి పోయే ద్వారాలున్నాయి. ఏటీపీ పెరిగితే అవి మూసుకుంటాయి. అవి మూసుకోగానే పొర మీది విద్యుత్తు మారుతుంది, కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి, కాల్షియం లోపలికి వచ్చిపడుతుంది. ఆ తాకిడికి ఇన్సులిన్ నింపిన సంచులు పొర దగ్గరికి జరిగి విప్పుకుంటాయి. అన్నం ముద్ద కడుపులో పడిన కాసేపటికే ఇదంతా జరిగిపోతుంది.

సంచిలోని సరుకు తయారీ ఇంకా ముచ్చటగా ఉంటుంది. కణం మొదట 110 అమైనో ఆమ్లాల పొడుగాటి గొలుసు అల్లుతుంది. దారి చూపడానికి మాత్రమే పనికొచ్చే 24 ముక్కలను ముందే కత్తిరించేస్తుంది. మిగిలిన 86 ముక్కల గొలుసే ప్రోఇన్సులిన్. అది తనమీద తాను మడత పడి, మూడు గంధకపు బంధాలతో బిగుసుకుంటుంది. మడత సరిగ్గా కుదిరాక, కోయడానికే ప్రత్యేకంగా ఉన్న ఎంజైములు మధ్యభాగాన్ని కోసేస్తాయి. ఆ కోతలో 31 అమైనో ఆమ్లాల ఒక ముక్కా, రెండు చివర్లలో అతుకుగా ఉన్న నాలుగూ ఊడిపోతాయి. 21, 30 అమైనో ఆమ్లాల రెండు గొలుసులు మాత్రం బంధాలతో ఒకటిగా నిలుస్తాయి. అది ఇన్సులిన్. మడత కుదిరేదాకా పట్టి ఉంచడమే మధ్యముక్క పని. పని అయ్యాక కణం దాన్ని తీసేస్తుంది గాని పారేయదు, ఇన్సులిన్‌తో పాటు అదే సంచిలో ఉంటుంది. దాని పేరు సీ-పెప్టైడ్. ఒక ఇన్సులిన్ బయటికి వస్తే ఒక సీ-పెప్టైడ్ వస్తుంది, లెక్క తప్పదు. ఈ చిన్న విషయాన్ని గుర్తుంచుకోండి, తరవాత రోగిని కాపాడేది ఇదే.

ఇక ఆపడం. భోజనం అరిగి, చక్కెర డెసిలీటరు నెత్తురుకు 80 మిల్లీగ్రాముల దగ్గరికి దిగుతుండగానే బీటా కణం చేయి వెనక్కి తీసుకుంటుంది. ప్రమాదం ముంచుకొచ్చాక కాదు, దాని నీడ కూడా పడకముందే. అప్పటికే నెత్తురులో ఉన్న ఇన్సులిన్ అయిదారు నిమిషాల్లో సగానికి తగ్గుతుంది. అందుకే ఆపిన వెంటనే ఆపినట్టు తెలుస్తుంది. మా అమరాపురం మండలంలోని హేమావతికి వెళ్లినవారు నొళంబ రాజుల కాలపు దొడ్డేశ్వరాలయంలో రాతికి తూట్లు పొడిచి చెక్కిన కిటికీలు చూసే ఉంటారు. సన్నని తీగలు, వాటి నడుమ బొమ్మలు, వెనక వెలుతురు. ఇంకో దెబ్బ పడితే తీగ తెగుతుంది, ఒక దెబ్బ తక్కువైతే రాయి మొద్దుగా మిగులుతుంది. ఉలిని ఎక్కడ ఎత్తాలో ఎరిగిన చేతులు వెయ్యేళ్ల కింద ఆ నల్లరాతి మీద పని చేశాయి. మన క్లోమంలో అలాంటి పని బతికున్నన్నాళ్లూ నడుస్తుంది.

ఇన్సులినోమా కణం ఇంత పనీ చేస్తుంది. గొలుసు అల్లుతుంది, మడుస్తుంది, కోస్తుంది, సంచి కడుతుంది. అది మరచింది ఆగడం ఒక్కటే. చక్కెర 80కి దిగినా, 60కి దిగినా, 40కి దిగినా దాని చేయి ఆగదు. తొందరలో పనితనం కూడా కొంత దిగజారుతుంది. మధ్యముక్క కోయకుండానే ప్రోఇన్సులిన్‌ను ఎక్కువగా బయటికి పంపేస్తుంది. నెత్తురులో పూర్తికాని సరుకు పాలు పెరగడం ఈ గడ్డకు ఒక ఆనవాలు.

ఆ పూర్తికాని సరుకు గురించి లోకానికి చెప్పింది కూడా ఇలాంటి గడ్డే. 1967లో వెలువడిన తన పరిశోధన కోసం షికాగో విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ స్టైనర్ ఒక రోగి నుంచి తీసిన ఇన్సులినోమా ముక్కను తెచ్చుకున్నాడు. మామూలు క్లోమంలో బీటా కణాలు చెదురుమదురుగా ఉంటాయి, గడ్డలో గుంపుగా దొరుకుతాయి. వాటికి రేడియోధార్మిక గుర్తులున్న అమైనో ఆమ్లాలు అందించి, ఏం తయారవుతోందో గమనించాడు. మొదట ఇన్సులిన్ కంటే పెద్ద ప్రొటీను కనిపించింది, కాసేపటికి అదే ఇన్సులిన్‌గా మారింది. అప్పటిదాకా రెండు గొలుసులు విడివిడిగా తయారై తరవాత అతుక్కుంటాయని చాలామంది అనుకునేవారు. ఒక్క గొలుసుగా పుట్టి, మడత పడి, తరవాత కోతకు గురవుతుందని తెలిసింది. ప్రాణం మీదికి తెచ్చిన గడ్డ ముక్కే చక్కెర జబ్బు చదువుకు ఇంత పెద్ద పాఠం చెప్పింది. ఈ సంగతి చదివిన ప్రతిసారీ ఆ పేరు తెలియని రోగికి మనసులో నమస్కరించాలనిపిస్తుంది.

గడ్డ ఎలా పుడుతుంది? పెద్దయ్యాక బీటా కణాలు దాదాపుగా విభజన చెందవు. ఎన్ని ఉన్నాయో అన్నింటితోనే బతుకంతా నెట్టుకొస్తాయి. విభజనను అదుపులో పెట్టే కాపలాదారుల్లో మెనిన్ అనే ప్రొటీను ఒకటి. దాని జన్యువు పదకొండో క్రోమోజోము మీద ఉంది. 1997లో దాన్ని పట్టుకున్న అమెరికా బృందం వ్యాసంలో మొదటి పేరు సెట్టార చంద్రశేఖరప్పది. మడకశిర, శిర, పావగడ వైపు ఏ ఊళ్లోనైనా వినిపించే పేరులా ఉంటుంది, చదవగానే దగ్గరితనం కలిగింది. కొన్ని కుటుంబాల్లో ఈ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి పుట్టుకతోనే పాడై ఉంటుంది. ఏదో ఒక కణంలో రెండోదీ పోతే కాపలా లేని కణం పెరగడం మొదలుపెడుతుంది. అలాంటివారికి క్లోమంలో ఒకటి కాక చాలా గడ్డలు రావచ్చు. మెడలోని పారాథైరాయిడ్, మెదడు కింద పిట్యూటరీ గ్రంథుల్లోనూ రావచ్చు. ఇన్సులినోమా రోగుల్లో ఇలాంటి కుటుంబాలవారు నూటికి అయిదు నుంచి పది మందే.

మిగతావారిలో కారణం వేరు. 2013లో చైనా శాస్త్రవేత్తలు వంశంతో సంబంధం లేని ఇన్సులినోమాలను చదివి, వాటిలో దాదాపు 30 శాతంలో ఒకే చోట ఒకే మార్పు ఉందని చూపారు. వైవై1 అనే ప్రొటీను ఇతర జన్యువులను నడిపిస్తుంది, నిలుపుతుంది. దానిలో 372వ స్థానంలో ఉండాల్సిన అమైనో ఆమ్లం బదులు మరొకటి వచ్చి కూచుంటుంది. ఆ ఒక్క మార్పుతో వైవై1 తనది కాని చోట్లకు వెళ్లి అంటుకుంటుంది, కాల్షియాన్ని లోపలికి రప్పించే, ఇన్సులిన్ వదలడాన్ని ఎగదోసే జన్యువులను లేపుతుంది. అంటే పెరుగుదలా, ఆగని స్రావమూ రెండూ ఒకే అక్షరదోషం నుంచి పుట్టగలవు.

గడ్డగా మారడానికి మెట్లు కూడా ఉన్నాయి. 1985లో డగ్లస్ హనహన్ ఎలుకల బీటా కణాల్లో మాత్రమే పనిచేసేలా ఒక వైరస్ జన్యువును చొప్పించాడు. అప్పుడు ఆ ఎలుకల పుటికల్లో దాదాపు సగం ఉబ్బాయి. వాటిలో కొన్నింటికే కొత్త రక్తనాళాలు మొలిచాయి. అలా మొలిచిన వాటిలోనూ కొన్నే గడ్డలయ్యాయి. నాలుగేళ్ల తరవాత జూడా ఫోక్‌మన్‌తో కలిసి రాసిన వ్యాసంలో, రక్తనాళాలు మొలిచే ఆ మెట్టే అసలు మలుపని చూపారు. మనుషుల్లోని ఇన్సులినోమాకు కూడా నెత్తురు పోషణ ఎక్కువ. రంగు వేసి తీసిన సీటీ స్కానులో అది వెలిగినట్టు కనిపించడానికి కారణం అదే.

ఒక ఊరట ఏమిటంటే పదింట తొమ్మిది ఇన్సులినోమాలు ఉన్నచోటే ఉంటాయి, పాకవు. పదింట తొమ్మిది ఒంటరివి. పదింట తొమ్మిది రెండు సెంటీమీటర్లకు లోపే. మామూలు క్యాన్సరు తన పరిమాణంతో, పాకుడుతో చంపుతుంది, ఇది తన పనితోనే చంపగలదు.

మెదడుకు చక్కెర అందకపోతే మనిషి మనిషిగా ఉండడు. పొద్దున లేపితే లేవడు, లేచినా ఎవరో తెలియనట్టు చూస్తాడు. మాట తడబడుతుంది, ఒకటి రెండుగా కనిపిస్తుంది. ఉన్నట్టుండి కోపం, లేకపోతే పొంతన లేని మాటలు. కొందరికి ఫిట్స్. కాసింత బెల్లమో అరటిపండో నోట్లో పడితే పది నిమిషాల్లో మామూలు మనిషి, జరిగింది గుర్తుండదు. అందుకే కొందరికి ఏళ్ల తరబడి మూర్ఛ మాత్రలు వాడతారు, కొందరిని మానసిక వైద్యుల దగ్గరికి తిప్పుతారు, పల్లెల్లో గాలి సోకిందని తాయెత్తులు కడతారు. తింటే బాగుంటుందని రోగికి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది, రాత్రిళ్లు కూడా లేచి తింటాడు, ఒళ్లు పెరుగుతుంది.

కరువు నేలలో ఇంకో చిక్కుంది. పొద్దున్నే ఏమీ తినకుండా చేనికి పోయి తొమ్మిదింటికి సంకటి తినే అలవాటు మనది. ఎండన పడి తూలిన మనిషిని చూస్తే ఆకలి, వడదెబ్బ, నీరసం అనుకోవడమే సహజం. పల్లె వైద్యుడు వెంటనే ఒక గ్లూకోజు సీసా ఎక్కిస్తాడు. మనిషి లేచి కూచుంటాడు. అందరికీ సంతోషం. ఎందుకు లేచాడన్న ప్రశ్న మాత్రం ఆ సీసాతో పాటే కరిగిపోతుంది. సీసా ఎక్కించడం తప్పని నేననను, పడిన మనిషికి చక్కెర ఇవ్వడం ఒక్క నిమిషం కూడా ఆపకూడదు. సూది గుచ్చే ముందు వేలి కొసన ఒక చుక్క నెత్తురు గ్లూకోమీటరు పట్టీ మీద పెట్టి, అంకెను కాగితం మీద రాస్తే చాలు. షుగరున్న చాలా ఇళ్లలో ఆ యంత్రం ఉంది. పట్టీకి పట్టేది కొన్ని సెకన్లు.

ఆ కాగితం విలువ న్యూయార్క్ శస్త్రవైద్యుడు ఆలెన్ విపుల్‌కు తెలుసు. వర్జీనియా ఫ్రాంట్జ్‌తో కలిసి 1935లో ఇలాంటి రోగుల గురించి రాశాక, శస్త్రచికిత్సకు ముందు మూడు సంగతులు తేలాలని పట్టుబట్టాడు. ఉపవాసంలో లక్షణాలు రావాలి. ఆ వేళకు చక్కెర పడిపోయి ఉండాలి. చక్కెర ఇస్తే లక్షణాలు పోవాలి. పొట్ట కోసి వెతికితే ఏమీ దొరకని రోగులు అప్పట్లో తక్కువ కాదు, కత్తి అనవసరంగా లేవకూడదని పెట్టిన నియమం ఇది. తొంభై ఏళ్లవుతున్నా వైద్యులు దీన్నే పాటిస్తున్నారు. మన పల్లెల్లో మూడోది రోజూ జరుగుతోంది, రెండోది రాసేవారు లేరు.

అప్పటికి గడ్డ ఇన్సులిన్ చేయగలదన్న సంగతి పాతదేమీ కాదు. 1926లో మేయో క్లినిక్‌లో ఒక వైద్యుడే రోగిగా వచ్చాడు. విలియం మేయో పొట్ట తెరిచి చూస్తే గడ్డ లివరుకు పాకి ఉంది, ఏమీ చేయలేకపోయారు. ఆయన చనిపోయాక లివరులోని గడ్డ నుంచి తీసిన రసంలో ఇన్సులిన్ గుణం ఉందని రసెల్ వైల్డర్ బృందం 1927లో రాసింది. 1929లో టొరంటోలో రాస్కో గ్రాహం ఒక స్త్రీ క్లోమం నుంచి గడ్డ తీసి, జబ్బు పూర్తిగా నయం చేశాడు. ఇన్సులిన్ లేక చచ్చిపోతున్న పిల్లలకు ఇన్సులిన్ దొరికిన ఊరు అది, ఏడెనిమిదేళ్లకే ఇన్సులిన్ ఎక్కువైన మనిషికీ అక్కడే విముక్తి దొరికింది.

ఇప్పుడు అనుమానం వస్తే ఆసుపత్రిలో 72 గంటల ఉపవాసం పెడతారు. శివరాత్రికీ ఏకాదశికీ ఒక్కపొద్దులుండే మనవాళ్లకు ఉపవాసం కొత్త కాదు గాని, ఇది పూర్తిగా కాపలాలో సాగే ఉపవాసం. నీళ్లు తాగవచ్చు, కేలరీలు లేని పానీయాలు తాగవచ్చు, మెలకువగా ఉన్నప్పుడు నడుస్తూ ఉండాలి. ఆరేసి గంటలకు నెత్తురు తీస్తారు, చక్కెర 60 దాటి కిందికి దిగితే ఇంకా తరచుగా. ఈ పరీక్షలో అడిగే ప్రశ్న ఒక్కటే. తిండి ఆగింది, నువ్వు ఆగావా? మంచి బీటా కణం ఆగుతుంది. ఇన్సులినోమా ఆగదు. చాలామందిలో మొదటి 48 గంటల్లోనే సంగతి తేలిపోతుంది. చక్కెర 55 కంటే తక్కువగా ఉండి, లక్షణాలు కనిపిస్తున్న ఆ క్షణాన తీసిన నెత్తురే సాక్ష్యం. అందులో ఇన్సులిన్ మిల్లీలీటరుకు 3 మైక్రోయూనిట్లో, అంతకు మించో ఉండకూడదు, ఉంటే దోషమే.

ఇక్కడే సీ-పెప్టైడ్ ముందుకొస్తుంది. బయటి నుంచి సూదితో ఇన్సులిన్ ఎక్కించుకున్న మనిషిలో ఇన్సులిన్ పెరుగుతుంది, సీ-పెప్టైడ్ పెరగదు. మందుగా దొరికే ఇన్సులిన్‌లో ఆ ముక్క ఉండదు. లోపలి కణం చేసిందైతే రెండూ కలిసే వస్తాయి. మిగిలిన అనుమానం షుగరు మాత్రలది. గ్లైమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ లాంటివి పొటాషియం ద్వారాన్ని మూసి, బీటా కణాన్ని బలవంతంగా పని చేయిస్తాయి, అచ్చం ఇన్సులినోమాలాగే కనిపిస్తుంది. ఇంటింటికీ ఆ మాత్రలుండే చోట పొరపాటున మింగడం వింత కాదు. అందుకే నెత్తురులో ఆ మందు ఉందేమో కూడా చూస్తారు. చివరగా, లివరులోని నిల్వ చక్కెరను బయటికి రప్పించే గ్లూకగాన్ అనే హార్మోను సూది వేస్తారు. ఇన్ని గంటల ఉపవాసం తరవాత మామూలు మనిషి లివరులో నిల్వ దాదాపు ఖాళీ. ఇన్సులినోమా రోగిలో మాత్రం ఇన్సులిన్ లివరుకు తాళం వేసి ఉంచింది గనక నిల్వ అలాగే ఉంటుంది, సూది పడగానే చక్కెర 25 మిల్లీగ్రాములో ఇంకా ఎక్కువో లేస్తుంది. ఒక్కో పరీక్ష ఒక్కో తప్పుదారిని మూస్తుంది. దీన్ని రచించినవారి తర్కం నాకు ఏ శాస్త్రగ్రంథంతోనైనా సమానంగా కనిపిస్తుంది. పరీక్ష ముగియగానే రోగికి భోజనం పెడతారు.

జబ్బు రుజువయ్యాక చోటు వెతకాలి. ఒకటిన్నర సెంటీమీటర్ల గడ్డ క్లోమం తలలో ఉండవచ్చు, నడుమ ఉండవచ్చు, తోకలో ఉండవచ్చు, మూడు చోట్లా అవకాశం సమానమే. సీటీకి, ఎంఆర్ఐకి దొరకనివి ఉంటాయి. అమెరికా ఎడారుల్లో గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి ఉంది. దాని విషంలో 1992లో జాన్ ఎంగ్ ఎక్సెండిన్-4 అనే పదార్థాన్ని కనుగొన్నాడు. అది బీటా కణాల మీది ఒక గ్రాహకానికి అంటుకుంటుంది. ఇన్సులినోమా మీద ఆ గ్రాహకాలు దట్టంగా ఉంటాయి గనక, ఎక్సెండిన్‌కు రేడియోధార్మిక గాలియం తగిలించి నెత్తురులోకి పంపి, పెట్ స్కానులో గడ్డ ఉన్న చోటు చూడగలుగుతున్నారు. మన దేశంలోనూ ఈ పరీక్ష చేస్తున్నారు.

శస్త్రవైద్యుడి వేళ్లు మాత్రం ఇప్పటికీ పాతబడలేదు. పొట్ట తెరిచాక క్లోమాన్ని వెనక నుంచి విడదీసి, బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టి, తల నుంచి తోక దాకా తడుముతూ పోతారు. మెత్తని క్లోమంలో ఎర్రగోధుమ రంగు గడ్డ కాస్త గట్టిగా తగులుతుంది. పక్కనే అల్ట్రాసౌండ్ పెట్టి, గడ్డకూ క్లోమనాళానికీ ఎంత ఎడం ఉందో చూస్తారు. ఎడం ఉంటే గడ్డను మాత్రమే ఒలిచినట్టు తీస్తారు. నాళానికి గాయమైతే జీర్ణరసాలు కారి చుట్టూ ఉన్న కండను తినేస్తాయి. ఆ కొన్ని మిల్లీమీటర్లలో చేతిని నిలబెట్టడమే ఈ విద్య.

పొట్ట తెరవకుండా ఈ పని చేయవచ్చని చూపినవారిలో మన హైదరాబాద్ వైద్యులున్నారు. 2006లో బెర్లిన్‌లో ఒక రోగి గడ్డలోకి ఎండోస్కోపు గుండా ఆల్కహాలు ఎక్కించి చూశారు. హైదరాబాద్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో సందీప్ లఖ్టకియా, డి. నాగేశ్వర్‌రెడ్డి బృందం రేడియో తరంగాల వేడితో గడ్డను మాడ్చి, ముగ్గురు రోగుల ఫలితాలను 2016లో ప్రచురించింది. నాగేశ్వర్‌రెడ్డి కర్నూలు మెడికల్ కాలేజీలో చదివినవాడు, రాయలసీమకు పరాయివాడు కాడు. ఎండోస్కోపు నోటి గుండా కడుపులోకి పోతుంది. దాని కొసన ఉన్న అల్ట్రాసౌండ్ కడుపు గోడ అవతల ఉన్న క్లోమాన్ని చూపిస్తుంది. కడుపుకూ క్లోమానికీ నడుమ దూరం చాలా తక్కువ గనక బొమ్మ స్పష్టంగా ఉంటుంది. ఆ బొమ్మను చూస్తూ దాదాపు ఒక మిల్లీమీటరు మందం ఉండే 19 గేజి సూదిని గోడ గుండా గడ్డలోకి దింపుతారు.

సూదిలోపల చల్లటి సెలైన్ తిరుగుతూ ఉంటుంది. వేడి పుట్టించే సూదికి చల్లదనం ఎందుకంటే, కొస అతిగా కాలితే చుట్టూ ఉన్న కండ బొగ్గులా మాడి విద్యుత్తుకు అడ్డం పడుతుంది, లోతుకు వేడి పోదు. కొసను చల్లగా ఉంచితే వేడి గడ్డంతా సమంగా పాకుతుంది. ఒక్కో విడతకు సెకన్లే. తెర మీద తెల్లటి బుడగలు పొంగుతూ కాలిన మేరను చూపిస్తాయి. ఆ తెలుపు నాళం వైపు పోకముందే ఆపాలి. కాలని చోటు మిగిలితే సూదిని కొంచెం జరిపి మళ్లీ. హైదరాబాద్‌లోని ఆ ముగ్గురికీ చక్కెర పడిపోయే దాడులు త్వరగా తగ్గాయి, దాదాపు ఏడాది గమనించాక కూడా తిరిగి రాలేదు.

శస్త్రచికిత్సను ఇది పక్కకు నెట్టేసిందని చెప్పలేం. 2023లో వచ్చిన ఒక పెద్ద పోలికలో రెండు పద్ధతుల్లోనూ 89 మంది చొప్పున ఉన్నారు. శస్త్రచికిత్సలో అందరికీ నయమైంది, వేడి పద్ధతిలో 95.5 శాతానికి. కోతలో ఇబ్బందులు 61.8 శాతం మందికి వస్తే, వేడి పద్ధతిలో 18 శాతానికే వచ్చాయి. అయితే వేడి పద్ధతి చేయించుకున్నవారిలో దాదాపు 17 శాతానికి జబ్బు తిరగబెట్టింది. వయసు మళ్లినవారికి, గుండె బలహీనంగా ఉన్నవారికి, కోతకు తట్టుకోలేనివారికి ఇది గొప్ప వరం. చిన్న వయసువారికి, ఒంటరి గడ్డ నాళానికి దూరంగా ఉన్నవారికి శస్త్రవైద్యుడి వేళ్ల మీదే నాకు నమ్మకం ఎక్కువ.

ఇన్సులినోమా దగ్గర నేర్చుకోవలసింది ఇంకా ఉంది. న్యూయార్క్‌లో ఆండ్రూ స్టీవర్ట్ బృందం 2017లో ఈ గడ్డల జన్యువులన్నీ చదివి, పెద్దవాళ్ల బీటా కణం మళ్లీ విభజన చెందాలంటే ఏ తాళాలు తెరవాలో వెతికింది. షుగరు రోగికి కావలసింది అదే, బీటా కణాలు కొన్ని పెరగాలి. గడ్డకు పెరగడం తెలుసు. పెరిగి ఆగే దారి దొరికితే మడకశిరలో ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

గడ్డ తీసిన రోజు ఆసుపత్రిలో జరిగేది చెప్పాలి. చివరి రక్తనాళం కట్టిన కొద్దిసేపటికే చక్కెర లేవడం మొదలవుతుంది. గడ్డ ఇన్నేళ్లూ ఇన్సులిన్ గుమ్మరిస్తుంటే, క్లోమంలో మిగిలిన పది లక్షల పుటికల మంచి కణాలు తమ పద్ధతి ప్రకారం చేయి వెనక్కి తీసుకొని ఊరుకున్నాయి. అవి మళ్లీ పనిలోకి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ రోజుల్లో చక్కెర మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది, నర్సులు గంటగంటకూ కొలుస్తారు. కొందరు రోగులకు ఆ కొద్ది రోజులూ సూదితో ఇన్సులిన్ ఇవ్వాల్సి వస్తుంది.